ఊపిరి లెక్కల పెదనాన్న

మా పెదనాన్న ఇంటికొచ్చిన చుట్టాల ఊపిరి లెక్కపెట్టేవారు. తలుపు తీసి, "రండి రండి" అంటూనే, మొదటి మనిషి చెప్పులు విప్పేలోపు, "మొత్తం ఎంతమంది? ఎంతసేపుంటారు? ఆయాసపడుతున్నారా? అయితే ఆ ఆయాసమేదో మెట్ల మీదే కానిచ్చి రండి" అనేవారు. మాది నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు. ఆయాసం లేకుండా మా గుమ్మం తొక్కినవాళ్ళు ఇంతవరకూ లేరు.

ఇదంతా హాల్లో గోడ పొడవునా ఉన్న గాజుతొట్టె కోసం. అందులో ఉప్పునీళ్ళు, రాళ్ళు, రాళ్ళ మీద ప్రాణమున్న పగడాలు, రెండు నారింజరంగు చేపలు. మూసిన గదిలో జనం ఎక్కువైతే వాళ్ళు వదిలిన గాలి నీళ్ళలో కలిసి నీళ్ళు పులుపెక్కుతాయని పెదనాన్న నాకు మొదటిరోజే చెప్పారు. నీళ్ళు పులుపెక్కేకొద్దీ తగ్గే అంకె పీహెచ్. దాని మీటరు తొట్టె కింద అలమరలో ఉండేది. చూడాలంటే బాగా ఒంగోవాలి. ఒంగేది ఆయనొక్కరే. ఎనిమిది పాయింట్ రెండు ఉంటే ఈల వేసేవారు. తగ్గితే లేచి, ఎవరెక్కువ పీల్చారా అని మమ్మల్ని వరసగా చూసేవారు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయన పని దుకాణాల్లో త్రాసులు సరిచూడటం. "ముప్పై ఏళ్ళు ఊళ్ళో త్రాసులన్నిటినీ అనుమానించారు. ఇప్పుడవి లేక మనుషుల ఊపిరి మీద పడ్డారు" అనేది పెద్దమ్మ.

"పడక? నిన్న నువ్వు ఫోన్లో మీ అక్కతో గంటసేపు మాట్లాడావు. పాయింట్ జీరో ఫైవ్ పోయింది."

"నేను మిమ్మల్ని చేసుకున్నప్పట్నుంచీ విడిచిన నిట్టూర్పులన్నీ ఆ తొట్టెలోకి పోయుంటే, ఈపాటికి దాన్నిండా నిమ్మరసమే ఉండేది."

"నిట్టూర్పులు బాల్కనీలో విడువు. కాదన్నానా?"

నా ఊపిరంటే మాత్రం ఆయనకు మహా ఇష్టం. నాకు మాటలు తక్కువ. అమ్మకు జబ్బు చేసినప్పుడు తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను. అమ్మ కోలుకుంది గాని, బడి మళ్ళీ దొరకలేదు. పెదనాన్న వాళ్ళ వీధి చివర బైండింగు షాపులో పుస్తకాలు కుట్టే పని దొరికి వాళ్ళింట్లో ఉంటున్నాను. నీళ్ళ అంకెలు రాసుకోడానికి ఆయనకు నోటుబుక్కు కుట్టిచ్చింది కూడా నేనే. "నీలాంటివాళ్ళు పదిమంది కూర్చున్నా అంకె కదలదే తల్లీ" అనేవారు.

ఆ పదిమందికీ సరిపడా మాట్లాడే మనిషి ఆయన సొంత చెల్లెలు. మా మేనత్త. ఇంట్లో అందరం చాటుగా ఆరా అత్తయ్య అంటాం. కుర్చీలో కూర్చునేలోపే ఆవిడ ఆరా మొదలయ్యేది.

"ఏమే, మీ అమ్మకు బాగైందిగా, మళ్ళీ బళ్ళో ఎందుకు చేరలేదు? ఇంతకీ తొమ్మిది పూర్తయిందా, సగమేనా? రేపెవరైనా అడిగితే ఏం చెప్పాలి మేము? జన్మంతా అట్టలంటిస్తూ కూర్చుంటావా?"

నేను ట్రేలో కప్పులు లెక్కపెడుతూ నిలబడేదాన్ని. నాలుగు కప్పులే అయినా లెక్క ఎంతకీ తేలేది కాదు. సరిగ్గా అప్పుడే అలమరలోంచి కేక వినబడేది.

"పడిపోయింది! ఏడు పాయింట్ ఏడు! అందరూ బాల్కనీలోకి!"

"అన్నయ్యా, నేనింకా టీ అయినా తాగలేదు!"

"తాగకుండానే ఇంత పీల్చావా? పద, పద! కప్పు కూడా పట్టుకుపో!"

ఎండైనా, జల్లైనా ఆరా అత్తయ్య కప్పుతో సహా బాల్కనీలో తేలేది. తలుపు మూసి, "నువ్వుండవే. నువ్వు లెక్కలోకి రావు" అని పెదనాన్న నన్ను లోపలే ఉంచేవారు. లెక్కలోకి రానన్నందుకు నాకు కాస్త చిన్నతనంగానే ఉండేది.

ఇలా ఉండగా పెద్దకోడలికి జబ్బు చేసింది. పెద్దకోడలంటే తొట్టె మధ్యలో ఉన్న కొమ్మల పగడం. ప్రతి చిన్నదానికీ ముడుచుకుంటుందని పెద్దమ్మ పెట్టిన పేరు. బొటనవేలంత ఉన్నప్పుడు తెచ్చి పెదనాన్న పదకొండేళ్ళు పెంచారు. ఇప్పుడు రెండు చేతులకూ పట్టనంత పూలగుత్తిలా ఉండేది. అలాంటిది కొమ్మల చివర్లు తెల్లబడి, ఒంటి మీది పూలన్నీ ముడిచేసుకుంది. పక్కన చిన్న పగడమొకటి అప్పటికే పోయింది.

ఆయన ఇల్లంతా కిటికీలు బార్లా తెరిచారు. హాల్లో ఫోన్లు నిషేధం. పెద్దమ్మ కూరగాయలు తరగడం బాల్కనీలో. పక్కింటాయన పేపరడగడానికొస్తే గుమ్మం బయటే పేపరు చేతిలో పెట్టి, "చదివేటప్పుడు పైకి చదవకండి, గోడలు పల్చన" అన్నారు.

అయినా పెద్దకోడలు విచ్చుకోలేదు. అసలు గొడవ పులుపుకు విరుగుడైన క్షారం తగ్గడంలో ఉందని ఆయన అనుమానం. దానికి ఆయన రోజూ చేసే పరీక్ష ఒకటుంది. చిన్న గాజుగొట్టంలో తొట్టెనీళ్ళు పోసి, రంగు కలిపితే నీలంగా అవుతాయి. అవి పసుపురంగుకు తిరిగేదాకా పుల్లటి మందు చుక్కలు వేసి లెక్కపెట్టాలి. ఎనిమిది చుక్కలు పడితే క్షేమం. పెద్దకోడలు ముడుచుకోకముందే ఒకరోజు మాకు ఆరుకే తిరిగాయి. పెదనాన్న క్షారం పొడి వేశారు. మర్నాడు అయిదుకే తిరిగాయి. ఇంకా వేశారు. పెద్దకోడలు జబ్బుపడ్డాక వారం గడిచినా అయిదే.

"ఎవరో తోడుకుపోతున్నట్టుందే!" అని తల పట్టుకున్నారు.

నేను తొట్టెనే చూస్తున్నాను. పంపు మీద, అద్దం అంచుల్లో సున్నం కొట్టినట్టు తెల్లటి పొర కడుతోంది. క్షారం అంత తక్కువైతే ఈ సున్నమెక్కణ్ణించి వస్తోందా అని అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం పెదనాన్న నోటుబుక్కు నా ఒళ్ళో పెట్టారు. ఎవరినీ ముట్టుకోనివ్వని పుస్తకం. "నా కళ్ళు నన్నే మోసం చేస్తున్నాయేమో. పెద్దకోడలు ఈ వారం దాటేలా లేదు. నువ్వు చూడవే" అన్నారు. గొంతులో ఎప్పటి హడావిడి లేదు.

చుక్కల లెక్క ఏడో తారీఖున పడిపోవడం మొదలైంది. ఏడో తారీఖున ఏం జరిగిందా అని వెనక్కి తిప్పుతుంటే, పక్క వరసలో పీహెచ్ అంకెలు కనబడ్డాయి. "ఆదివారం సాయంత్రం, చెల్లి వచ్చింది, 8.2." ఆ ఆదివారం నాకు బాగా గుర్తు. ఏడు పాయింట్ ఏడని కేకేసి ఆరా అత్తయ్యను జల్లులో నిలబెట్టిన రోజది. ఇంకా వెనక్కి తిప్పాను. చెల్లి వచ్చింది, 8.2. చుట్టాలు ఆరుగురు, 8.1. పుస్తకం మొత్తంలో ఏడు పాయింట్ ఏడన్నది ఒక్కచోటా లేదు. ఆ రోజుల్లో ఎవరు నన్ను ఏమడిగారో మాత్రం ఒక్కొక్కటీ గుర్తుంది. నోటితో ఎన్ని అబద్ధపు అంకెలైనా చెప్పారు గాని, త్రాసులు సరిచూసిన ఆ చెయ్యి పుస్తకంలో ఒక్కటీ రాయలేకపోయింది.

కాసేపు నాకు పేజీ కనబడలేదు. తర్వాత ముక్కు తుడుచుకుని మళ్ళీ ఏడో తారీఖు దగ్గరికి వచ్చాను.

అప్పుడు తట్టింది, మసగ్గా ఉండే పరీక్షగొట్టం వంటింటి కిటికీలో తళతళా మెరవడం మొదలైంది సరిగ్గా ఆ రోజునుంచే! వెళ్ళి వాసన చూశాను. నిమ్మకాయ వాసన.

సాయంత్రం ఆరా అత్తయ్య వచ్చి కూర్చుని ఉండగానే, నాకు వచ్చినంత గొంతుతో, "పెదనాన్నా, గొట్టంలో ముందే పులుపుంది. చుక్కలు తక్కువ పడేది అందుకేనేమో" అన్నాను. ఆయన నన్నూ గొట్టాన్నీ మార్చి మార్చి చూశారు. తొట్టెనీళ్ళతోనే గొట్టాన్ని మూడుసార్లు కడిగి, పరీక్ష మొదలుపెట్టారు. ఎనిమిది దాటింది, నీలమే. పది దాటింది, నీలమే. పదమూడో చుక్కకు పసుపైంది.

"పదమూడు! క్షారం తక్కువై కాదే, ఎక్కువై మాడిపోతోంది! పొడి పోసి పోసి నేనే మాడుస్తున్నాను!"

పొడి ఆపేసి, రోజూ కాసిని నీళ్ళు మారుస్తూ పోతే నెలన్నరకు పెద్దకోడలు మళ్ళీ విచ్చుకుంది. అది తర్వాతి సంగతి. అప్పటికి మాత్రం అందరి చూపూ వంటింటి గుమ్మం వైపు తిరిగింది. అక్కడ పెద్దమ్మ చేతిలో సగం నిమ్మచెక్కతో నిలబడి ఉంది.

"గొట్టం మసకేసిందని... మీకు రంగు సరిగ్గా కనబడుతుందని, రోజూ రుద్ది ఆరబెట్టాను" అంది.

ఆరా అత్తయ్య కుర్చీ అంచుకు జరిగింది. "ఏం వదినా, పదకొండేళ్ళ పగడాన్ని నిమ్మచెక్కతో చంపబోయావా? రుద్దమని ఎవరు చెప్పారు? కడగాలని తెలీదా? ఒక్కసారైనా అన్నయ్యను అడగొద్దూ? ఎన్నాళ్ళనుంచి..."

పెద్దమ్మ కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. పెదనాన్న నోరు తెరిచారు గాని, ఒక చేతిలో గొట్టం, ఒక చేతిలో మందుసీసా. అలమర దాకా వెళ్ళే దారి లేదు.

నేను ఒంగి అలమర తలుపు తీశాను. మీటరు మీద ఎనిమిది పాయింట్ మూడు ఉంది.

"పడిపోయింది! ఏడు పాయింట్ ఏడు! అందరూ బాల్కనీలోకి!"

అది నా గొంతే. చేపలు రెండూ రాయి వెనక్కి పోయాయి.

"నేనిప్పుడేగదే వచ్చింది!" అంది ఆరా అత్తయ్య.

"వస్తూనే పీల్చేశారత్తయ్యా. కప్పు తీసుకెళ్ళండి."

ఆవిడ వెళ్ళింది. తలుపు మూశాను. పెదనాన్న చేతిలోవి దించి, మోకాళ్ళ మీద ఒంగి మీటరు చూశారు. తలెత్తి నన్ను చూశారు. నోటుబుక్కు తీసి 8.3 అని రాసుకున్నారు. ఆపైన బాల్కనీ వైపు తిరిగి, "ఏడు పాయింట్ ఆరు! ఇంకా దిగుతోందమ్మా! ఇంకో పావుగంట అక్కడే ఉండు!" అని కేకేశారు.

గుమ్మంలో పెద్దమ్మ కళ్ళు తుడుచుకుని పెద్ద నిట్టూర్పు విడిచింది.

"ఇదుగో, నిట్టూర్పులు బాల్క..." అని, పెదనాన్న ఆమె చేతిలో నిమ్మచెక్క వంక చూసి ఆగారు.

"సర్లే. ఇక్కడే విడువు."