మామ ఓపెనింగ్ బ్యాటింగ్

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, మా కాలంలో కంప్యూటర్ గదిలోకి చెప్పులతో వెళితే మెషిన్‌కు జలుబు చేస్తుందన్నంత భయం అందరికీ. ఆత్మకూరు బస్టాండు దగ్గర, ఎరువుల అంగడి మేడమీద మా మామ పెట్టిన సెంటర్‌లో ఉన్నవే మూడు కంప్యూటర్లు. వాటికి కూలర్, మాకు విసనకర్ర. ఇంటర్ అయిపోయి ఉదయగిరిలో ఊరికే కూర్చున్న నన్ను, తన తమ్ముడైన ఈ మామ దగ్గర నాలుగు ముక్కలు నేర్చుకొమ్మని మా అమ్మ పంపింది. నేను టైపింగ్ కంటే ముందు క్రికెట్ గేమ్ నేర్చుకున్నాను. (అమ్మ ఇది చదవదనే ధైర్యంతో రాస్తున్నాను.)

గేమ్‌ను మనకు నచ్చినట్టు మార్చే ఫైళ్ళను మోడ్ అంటారని అప్పటికి నా చెవిన పడలేదు. నెల్లూరులో చదివే స్నేహితురాలు ఒక ఫ్లాపీ ఇచ్చి, "ఇందులోవి గేమ్ ఫోల్డర్‌లో వేస్తే ఆటగాళ్ళ పేర్లు మనకు కావాల్సినట్టు మార్చుకోవచ్చు మే" అంది. పాత ఫైళ్ళను ముందు వేరేచోట దాచుకోమని కూడా అంది. ఆ రెండో మాట నేను వినిపించుకోలేదు. పాతవాటి మీదే కొత్తవి వేసేసి గేమ్ తెరిస్తే నల్లటి తెర. మామ వచ్చి చూసి, "నల్లగా ఉండాదేంది మే, చంపేసినావా?" అన్నాడు. క్యారియర్ తెచ్చిన అత్త, "పాస్టరుగారిని పిలిచి ప్రార్థన చేపిద్దామా?" అంది, నవ్వకుండా. గేమ్ మొత్తం తీసేసి, సీడీ నుంచి మళ్ళీ ఎక్కించి, ఈసారి పాత ఫైళ్ళకు కాపీ పెట్టుకొని, ఊపిరి బిగబట్టి వేశాను. తెరుచుకుంది.

ఇక మామను జట్టులోకి ఎక్కించాలనుకున్నాను. క్రికెట్ ఆయనకు మానని పుండు. కుర్రతనంలో జిల్లా జట్టు ఎంపికకని నెల్లూరు వెళితే, ప్యాడ్లు కట్టించి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టి, వెలుతురు పోయింది, ఇక వెళ్ళమన్నారట. ఒక్క బంతి కూడా ఆడనివ్వలేదు. ఆ సంగతి ఎత్తితే అన్నం దగ్గర నుంచి లేచిపోయేవాడు. అలాంటి మనిషిని ఏకంగా ఇండియా తరఫున ఓపెనింగ్‌కు దించాలని నిశ్చయించాను. (ఆ వయసులో నాకు నిశ్చయాలకు కొరత లేదు.)

పేర్ల ఫైల్లో ప్రతి పేరు పక్కనా ఒక అంకె ఉంది. చొక్కా మీద వేసే నంబరనుకున్నాను. మామకు తొమ్మిది కలిసొస్తుందని నమ్మకం. స్కూటర్ నంబరు కూడినా తొమ్మిదే రావాలి. కాబట్టి తొమ్మిది ఉన్న వరుస వెతికి, అక్కడి పేరు తీసేసి మామ పేరు కొట్టి, ఆ వరుసను అన్నిటికంటే పైకి తెచ్చాను.

ఆదివారం ఆరాధన అయ్యాక మామ స్నేహితులంతా ఇస్త్రీ చొక్కాలతో మేడెక్కారు. రెండు జట్లనూ కంప్యూటరే ఆడించేలా పెట్టాను. తెర మీద మామ పేరు కనపడగానే చప్పట్లు. మామ కూర్చోలేక నిలబడే చూస్తున్నాడు. మొదటి బంతికే వికెట్లు ఎగిరిపోయాయి. మళ్ళీ పెట్టాను. మళ్ళీ అంతే. మూడోసారి రెండో బంతి దాకా ఆగాడు. ఎరువుల అంగడాయన కడుపు పట్టుకొని, "నెల్లూరోళ్ళు నిన్ను ఎందుకు ఆడనీలేదో ఇప్పుడు తెలిసిందిరా!" అన్నాడు. అందరూ నవ్వారు. మామా నవ్వాడు గానీ, ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది.

ఆ అంకె చొక్కా నంబరు కాదనీ, బ్యాటింగ్ సత్తాకు వందకు వేసిన మార్కులనీ, ఆ సాయంత్రం ఒక్కొక్క పేరూ పోల్చి చూసుకుంటే గానీ నా బుర్రకెక్కలేదు. చిట్టచివరి ఆటగాడి సత్తాతో మామను ముందు దించానన్నమాట. వెంటనే తొమ్మిది పక్కన ఇంకో తొమ్మిది కొట్టాను.

మరుసటి ఆదివారం అందర్నీ బతిమాలి పిలిపించాను. మామ కొట్టిన బంతి కొట్టినట్టు బౌండరీ దాటిపోతోంది. ఎరువుల అంగడాయన మొదట ఈల వేశాడు. కాసేపటికి ఆవులించాడు. "ఇంక వీడు అవుటు కాడులేరా, ఇంట్లో కూర చల్లారిపోతాది" అని లేచాడు. అతని వెనకే అందరూ. మామ ఒక్కడే తెర ముందు మిగిలాడు. నేను మెప్పు కోసం పక్కన నిలబడ్డాను.

"అది నేను కాదు మే" అన్నాడు చివరికి. "నేను అంత ఆడేవోణ్ణి కాదు. బయటికి పొయ్యే బంతిని ఊరికే గెలికి క్యాచ్ ఇచ్చేవోణ్ణి. నన్ను అవుటయ్యేట్టు చెయ్."

"వందకు ఎన్ని మార్కులు పెట్టమంటావు మామా?"

వేళ్ళ మీద ఏవో లెక్కలు వేసుకున్నాడు. "అరవై పెట్టు. మరీ అంత తీసిపోయినోణ్ణి కాదు."

పెట్టాను. మామ నిదానంగా మొదలుపెట్టాడు. రెండు ఫోర్లు కొట్టాడు, ఒక రనౌట్ తప్పించుకున్నాడు. నలభై దాటాక బయటికి పోయే బంతిని గెలికి స్లిప్‌లో దొరికిపోయాడు. నా ప్రాణం ఉసూరుమంది. మామ మాత్రం, "చూసినావా! చెప్పలా!" అంటూ కుర్చీలోంచి లేచాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. "అమ్మయ్య, ఆడినాను" అని అన్నానికి బయల్దేరాడు.

ఆయన మెట్లు దిగేదాకా ఆగి, ఎవరూ లేని ఆ గదిలో నేనొక్కదాన్నే చప్పట్లు కొట్టాను. ఆ పిచ్చిపిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కొంచెం ముద్దు కూడా వస్తుంది.