పెరుగన్నంలో కొలోసియం

శాన్ రామన్ ఆఫీసులో నా పక్క సీటు హైదరాబాదీ పెరుగన్నాన్ని ఊరికే తినేవాడు కాదు. స్పూనుతో కోడిగుడ్డు ఆకారంలో గోడ కట్టి, మధ్యలో గొయ్యి తీసేవాడు. నాకు ఆకలి, అతనికి ఆకృతి.

"ఇది రోమ్ కొలోసియం అన్నా. కింద సింహాలు, ముందు వరుసల పెద్దోళ్ళు, పైన పేదోళ్ళు. మనుషులు చచ్చే జాగను ఇంత అందంగ ఎట్ల కట్టిన్రన్నా?"

"వెళ్ళి చూసి రావచ్చుగా?"

"తిరిగొచ్చేటప్పుడు వీసా స్టాంపింగ్ రిజెక్టయితే? గ్రీన్‌కార్డ్ వచ్చినంక పోత."

ఏళ్ళ తరబడి అదే మాట. మొన్నటి లేఆఫ్‌లో పని తెలిసిన అతను పోయాడు, తెలిసినట్టు కనిపించే నేను మిగిలాను. వీసా ఇచ్చిన రెండు నెలల గడువులోగా ఇంకో ఉద్యోగం దొరకక హైదరాబాద్ బయల్దేరాడు. చవకగా దొరికిన టికెట్‌లో విమానం మారేది రోమ్‌లోనే. అక్కణ్ణుంచి ఫోన్ చేశాడు.

"రోమ్‌లనే ఉన్న అన్నా. ఎయిర్‌పోర్ట్ దాటనీకి వీసా లేదు. కిటికీలకెల్లి రన్‌వే ఒక్కటే కనబడ్తుంది."