పాట అయ్యాక వేద్దామనుకున్న స్లైడు

చాలా ఏళ్లుగా ఒక గాజుపలకను మోస్తున్నాను. అరచేతిలో ఇమిడే పలక. దానికేం బరువుంటుందంటారా? ఏమీ ఉండదు. అదిప్పుడు నా దగ్గర కూడా లేదు. అయినా దించుకోలేకపోయాను. ఇవాళ మీ ముందు దించుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి. ఆపాటి పిరికితనం నాలో ఇంకా మిగిలే ఉంది.

బరంపురంలో తెలుగు బొమ్మలు ఎక్కువగా ఆడే ఒక సినిమా హాల్లో నేను ప్రొజెక్టర్ నడిపే ఆపరేటర్ని. ఇప్పుడా హాలు లేదు. ఇంటింటికీ టీవీలు వచ్చాక జనం పలచబడ్డారు, బాల్కనీలో పావురాలు చేరాయి, ఆఖరికి మిషన్లను పాత ఇనుము కింద పట్టుకుపోయారు. మూతపడిన రోజు పనివాళ్లందరం కళ్లు తుడుచుకున్నాం. కానీ నా ఏడుపులో కొంత దొంగ ఊరట ఉంది. ఆ కేబిన్ మెట్లు ఇక ఎక్కనక్కర్లేదు కదా అని.

స్లైడు సంగతి ఈ కాలం వాళ్లకు తెలియదు, అందుకని చెప్తాను. హాల్లో ఉన్న మనిషిని అర్జెంటుగా పిలవాలంటే గాజుపలకకు దీపం మసి పట్టించి, దాని మీద సూదితో పేరు గీసి, తెర మీద వేసేవాళ్లం. బొమ్మ నడుస్తుండగానే పేరు తెల్లగా మెరిసేది. ఆడవాళ్ల బెంచీల వైపు మగ గేటువాళ్లు వెళ్లకూడదు, కాబట్టి అటువైపు వాళ్లకు అదొక్కటే కబురు. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని ఊళ్లో పేరు. ఆ పేరు చూసుకుని నాకు కొంచెం టెక్కు కూడా ఉండేది.

గోపాలపూర్ నుంచి చేపలు తెచ్చి అమ్ముకునే పోలమ్మ, కొత్త బొమ్మ పడితే మొదటి శుక్రవారం మ్యాట్నీకి రావలసిందే. గంప ఖాళీ కాగానే తిన్నగా హాలుకే వచ్చేది. నీచు కంపని గేటువాడు గంపను లోపలికి రానిచ్చేవాడు కాదు. మా కేబిన్ మెట్ల కింద పెట్టుకోమని నేనే అన్నాను. బడి గుమ్మం తొక్కకుండా, గోడల మీది సినిమా పోస్టర్లు కూడబలుక్కుని చదువు నేర్చుకున్న మనిషి ఆమె. ఆ సంగతి అందరికీ చెప్పుకుని మురిసిపోయేది. ఆ చదువే ఆమె కొంప ముంచుతుందని ఎవరనుకుంటారు?

ఆ శుక్రవారం హాలు కిటకిటలాడుతోంది. ఇంటర్వెల్ అయిన కాసేపటికి పోలమ్మ మరిది కేబిన్లోకి ఎక్కి వచ్చాడు. వేటకు వెళ్లిన తెప్ప ఒడ్డు అలల్లో బోల్తా కొట్టిందట. అన్నను బరంపురం పెద్దాసుపత్రికి తెచ్చారట. పోలమ్మా, పోలమ్మా అని కలవరిస్తున్నాడట. ఒక్క స్లైడు వెయ్యమన్నాడు. అతన్ని గేటు దగ్గర నిలబడమని పంపించి, పలకకు మసి పట్టించాను. పేరు గీశాను. సరిగ్గా అప్పుడే పాట మొదలైంది.

ఏడుపు పాట. ఆ పాట కోసమే జనం విరగబడి వచ్చారు. అంతకుముందు ఇలాంటి పాట మధ్యలోనే నేనొక స్లైడు వేస్తే జనం కేకలు పెట్టి కుర్చీలు తన్నారు. యజమాని నన్ను అందరి ముందూ నిలబెట్టి కడిగేశాడు. అది గుర్తొచ్చింది. పాట అయ్యాక వేద్దామనుకున్నాను. అంతే. ఎంతసేపు పాట?

పాట అయింది. రీలు మార్చాలి. రెండో మిషన్లో వెలుగునిచ్చే కార్బన్ పుల్ల సరిగ్గా అంటుకోలేదు. తెర మసకబారింది, ఈలలు మొదలయ్యాయి. దానితో కుస్తీ పడుతుండగా మరిది మళ్లీ వచ్చి, వేశావా అని అడిగాడు. వేశాను, ఆమే రాలేదు అన్నాను. నోరు ఎలా వచ్చింది? ఇన్నేళ్లలో ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నానో. చేతిలో పని, చెవుల్లో ఈలలు, ఎదురుగా తొందరపెడుతున్న మనిషి, అతన్ని వదిలించుకుంటే చాలనిపించి ఉంటుంది. అతను పళ్లు కొరుకుతూ దిగి ఆసుపత్రికి వెళ్లిపోయాడు.

అప్పుడైనా వెయ్యొచ్చు. కానీ ఇప్పుడు వేస్తే ఇందాక వెయ్యలేదని బయటపడుతుంది. బొటనవేలితో మసి తుడిచేశాను.

కుర్రాళ్లు సరదాకి దొంగ స్లైడులు వేయించి స్నేహితులను బయటికి రప్పించేవారు. ఇదీ అలాంటిదే అనుకున్నానని చాన్నాళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. అతని లుంగీ తడిసి ఉంది. కాళ్లకు ఇసక ఉంది. చూశాను.

ఆట వదిలారు. మెట్ల కింద గంప లాగిన చప్పుడు వినపడింది. దిగి ఒక్క మాట చెప్తే చాలు. ఆసుపత్రి రిక్షా దూరం. నేను రీలు వెనక్కి చుడుతూ కూర్చున్నాను. పోలమ్మ ఏమీ తెలియక గోపాలపూర్ బస్సెక్కింది. ఇంటికి వెళ్లి, సంగతి విని, మళ్లీ బస్సు పట్టుకుని ఆసుపత్రికి వచ్చేసరికి మొగుడు పోయాడు.

ఊళ్లో ఆమెను దుమ్మెత్తిపోశారు. చదవడం రాని మనిషైతే పోనీ అనుకునేవారు. చదువొచ్చి, పేరు చూసి కూడా బొమ్మ వదల్లేక కూర్చుందన్నారు.

కర్మకాండ అయ్యాక ఆమె హాలుకు వచ్చింది. ఆట చూడ్డానికి కాదు. మెట్ల దగ్గర నిలబడి నన్ను పిలిచింది.

"నిజిం సెప్పు బావూ. నా పేరు ఏసినావా?"

"ఏసినానప్పా."

ఆమె మెల్లగా అంది.

"పాట కాడ ఏడుత్తన్నాను బావూ. కల్లనిండా నీల్లు. అందుకే అవుపడనేదు కావాల. నీ తప్పేటి నేదులే."

నా తప్పేమీ లేదట. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత ఆమె ఏ హాలు గడపా తొక్కలేదు.

ఇప్పుడు నేను బరంపురంలోనే అంకులి వైపు ఉంటున్నాను. మా వీధికి చేపలు తెచ్చేది పోలమ్మ కూతురే. పోయిన నెల తల్లి పోయిందని చెప్పింది. ఆఖరి రోజుల్లో గోడకేసి చూస్తూ నా పేరేది, నా పేరేది అని వెతుక్కునేదట. అయ్య పిలిస్తే సినిమా చూస్తూ కూర్చున్న తల్లిని చివరిదాకా మనసారా అమ్మా అని పిలవలేకపోయానని కూడా చెప్పింది. చెప్పి, చేపలు శుభ్రం చేసి ఇచ్చింది. నేను తీసుకుని లోపలికి వచ్చేశాను. ఆ పూట కంచం ముందు కూర్చుని లేచిపోయాను.

మళ్లీ ఆమె గంప దించినప్పుడు నోరు విప్పుతానా? తెలియదు. నా మీద నాకు నమ్మకం లేదు. పోలమ్మకు చెప్పే వేళ ఎలాగూ దాటిపోయింది. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో ఉన్నది కాదు. ఇది రాశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది, అంతే.

ఆ పలక మీద నేను గీసింది ఇది:

గోపాలపూర్ పోలమ్మ వెంటనే గేటు వద్దకు రావలెను.

గుండ్రంగా, చక్కగా గీశాను. వెయ్యలేదు.