కూసుంటెనే తెలుస్తది

మా ఆడబిడ్డ ఎర్రరంగుకు మురిసిపోయి ఆ పడవ కొన్నదని నారాయణఖేడ్‌లో అందరూ చెప్తారు. ఉత్త అబద్ధం. నేను పక్కనే ఉన్న.

ఆమె అప్పుడు ఇక్కడి బడిలో డ్రిల్ టీచర్. మంచమైనా, స్కూటరైనా, ఎక్కి కూర్చొని, కళ్లు మూసుకొని, నడుము అటూ ఇటూ ఊపి చూడందే కొనేది కాదు. "కూసుంటెనే తెలుస్తది వదినా" అనేది. రాళ్ల మధ్య ఉరికే నదిలో కయాక్ అనే ఒంటిమనిషి తెడ్డు పడవ తోలడం అద్దె పడవల మీద నేర్చుకుంది. సొంతంగా కొనేది ఒక్కటే. అది ఉరవడీ దాటాలి, అల మీద ఆటా ఆడాలి.

పట్నం దుకాణంలో పొడుగుదాంట్లో కూర్చుంది. "సక్కగ పోతది గని ఆడనియ్యది."

పొట్టిదాంట్లో కూర్చుంది. "ఆడనిస్తది, పెద్ద అలొస్తె ముంచుతది."

దుకాణపాయన నవ్విండు. "మేడమ్, ఇక్కడ నీళ్లు లేవు కదా?"

"నడుమున్నది గద!"

మూడోది ముందు బొద్దు, వెనక పల్చన. కళ్లు మూసుకొని ఊగుతుంటేనే ఆమె మొహం వెలిగిపోయింది. "ఇగ ఇదే వదినా!" కళ్లు మూసుకున్న మనిషికి రంగెట్ల కనిపిస్తది?

నదిలో దింపిన తొలిరోజు నేను ఒడ్డునే ఉన్న. బొద్దు ముక్కు అలలన్నీ ఎక్కి దిగింది. ఉరవడి దాటగానే ఆమె పడవను అల దిక్కు తిప్పి, నడుము వెనక్కి వాల్చి పల్చటి తోకను నీళ్లలోకి తొక్కింది. పడవ నిట్టనిలువునా లేచి గిర్రున తిరిగింది! అరిచి అరిచి నా గొంతు పోయింది.

ఆమెను అడగాల్సింది ఇంకొకటి మిగిలింది. దుకాణంలో పొడి గచ్చు మీద కళ్లు మూసుకొని ఊగినప్పుడు, నువ్వు ఏ నదిలో ఉన్నవే?