గుట్ట దిగిన సైకిల్

మా ఆవిడ చనిపోయాక ఆదివారాలు గడవక గేర్ల సైకిల్ కొన్నాను. వరంగల్‌లో నా బట్టల దుకాణానికి ఆ ఒక్కరోజు సెలవిచ్చి, గుట్టల్లో మొరం బాటలు వెతుక్కుంటూ ఒక్కణ్ణే తిరిగేవాణ్ణి.

ఒక ఉదయం ఇనుపరాతి గుట్టల నుంచి వేగంగా దిగుతున్నాను. కింద గుడిసె ముందు మిరపకాయలు ఆరబోస్తున్న ముసలమ్మ నన్ను చూసి నేలమీద కూలబడింది.

"మా ముసలోడు ఎప్పుడు పాయె బిడ్డా?" అంటూ గుండెలు బాదుకుంది.

బ్రేకు వేసి సైకిల్ దిగాను. ఆమె భర్త వరంగల్ దవాఖానలో ఉన్నాడట. సిగ్నల్ అందని ఆ చోటికి చావు కబురు ఎప్పుడూ సైకిల్ మీదే వచ్చేదట.

"అసొంటిదేం లేదవ్వా. నేను ఉత్తగనే తిరుగుతాన" అని నాలుగుసార్లు చెబితేగానీ నమ్మలేదు.

కళ్లు తుడుచుకుని చెంబుతో నీళ్లిచ్చింది. నేను తాగుతుంటే అడిగింది.

"ఉత్తగ ఎవలన్న గుట్టలు తిరుగుతరా బిడ్డా? ఇంటికాడ నీకోసం సూసెటోళ్లు లేరా?"

చెంబు తిరిగిచ్చి బయల్దేరాను. రోడ్డెక్కి, సిగ్నల్ వచ్చాక ఫోన్ తీసి చూశాను. మిస్డ్ కాల్ ఒక్కటీ లేదు.

ఆదరాబాదరాగా వచ్చే సైకిల్‌ని చూస్తే ఒక మనిషి గుండె ఎలా జారిపోతుందో ఆ రోజే తెలిసింది. ఇప్పటికీ ఆ బాటలో గుడిసె కనబడగానే సైకిల్ దిగి, మెల్లగా నడిపించుకుంటూ పోతాను.