పులిహోర జీతం

సాత్వికకి ఆ పేరు పెట్టినవాళ్ళు తొందరపడ్డారు. కెనడాలో, హాలిఫాక్స్‌లో నేనూ తనూ ఒకే బేస్‌మెంట్‌లో ఉంటాం, ఒకే షాపులో పనిచేస్తాం. సీతారామారావు గారి వాషింగ్ మెషీన్ల రిపేరు షాపు అది. అక్కడ ఫోన్లు ఎత్తడం నా పని, టూల్‌బ్యాగ్ ఎత్తడం తన పని.

హనుమకొండలో మెకానికల్ డిప్లొమా, ఇక్కడో కాలేజీ కోర్సు పూర్తిచేసి తను వర్క్ పర్మిట్ మీద ఉంది. ఆ ఏడు ఊరంతా స్టూడెంట్లే. నలుగురికని కట్టిన ఇంట్లో పదిమంది ఉంటే మెషీన్లకి ఊపిరి సలుపుతుందా? షాపులో ఉన్న ఇద్దరు టెక్నీషియన్లూ మంచి జీతమిచ్చే చోటికి పోయారు. "స్కిల్ ఉన్నవాళ్ళు దొరకట్లేదండీ" అని సీతారామారావు గారు కనబడిన ప్రతివాడి దగ్గరా వాపోయేవారు. రిపేర్లన్నీ ఒక్కతే చేస్తున్న సాత్వికకి ఇచ్చేది మాత్రం హెల్పర్ జీతం. పైగా కస్టమర్ల దగ్గర "మా అమ్మాయి" అని పరిచయం, మధ్యాహ్నం ఆయన భార్య పంపిన పులిహోర. నాకు ఒళ్ళు మండేది.

జనవరిలో ఒక స్టూడెంట్ బిల్డింగ్‌లో డ్రయ్యర్లన్నీ ఆగిపోయాయి. సాత్విక తన బ్యాగు తెచ్చి ఆయన బల్లమీద పెట్టింది.

"అంకుల్, టెక్నీషియన్ జీతం ఇస్తేనే పోత."

"అదేంటమ్మా, నువ్వు మా ఇంటి పిల్లవి. పీఆర్‌కి ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇవ్వాల్సింది కూడా నేనే కదా?"

ఎంత తియ్యగా అన్నా అది బెదిరింపే. ఆ లెటర్ లేకపోతే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి రాదు, ఇన్నాళ్ళ చదువూ, పడ్డ చలీ వృథా. సాత్విక బ్యాగుని ఆయన వైపు తోసింది.

"కూతుర్నయితే షాపు నా పేరు మీద రాసియ్యుండ్రి. టెక్నీషియన్నయితే జీతమియ్యుండ్రి. రెండూ కాదంటే మీ లెటర్ మీరే పెట్టుకోండ్రి."

కోటు తొడుక్కుని వెళ్ళిపోయింది.

ఆయన తెలిసిన మెకానిక్కులందరికీ నాచేత ఫోన్లు చేయించారు. ఒక్కడూ ఖాళీగా లేడు. మర్నాడు పులిహోర డబ్బాతో మా బేస్‌మెంట్‌కి దిగివచ్చారు. సాత్విక డబ్బా అందుకుని, మూత తీసి, నింపాదిగా తింది.

"పులిహోర మంచిగుంది అంకుల్. జీతం సంగతేంది?"

"టెక్నీషియన్ రేటే ఇస్తాలే. లెటర్లోనూ అదే రాస్తా" అన్నారాయన ముఖం మాడ్చుకుని.

నేనూ వాళ్ళ వెంట బిల్డింగ్‌కి వెళ్ళాను. కళ్ళారా చూడకపోతే నాకు నిద్రపట్టదు. మేనేజర్ తలుపు తీయగానే సీతారామారావు గారు అలవాటుగా "మై డాటర్" అని మొదలుపెట్టారు.

"టెక్నీషియన్" అంది సాత్విక, ఆయన్ని దాటుకుని లోపలికి నడుస్తూ.