సారెలో పెట్టిన జడ

నా చిన్నప్పుడు బందరులో మా అమ్మమ్మగారింట్లో పెరటి గోడకి ఒక చిన్న గూడు ఉండేది. ఆడవాళ్లు తల దువ్వుకున్నాక దువ్వెనకి వచ్చిన వెంట్రుకలు ఉండ చుట్టి అందులో పెట్టేవారు. వెంట్రుకలవాడు వీధిలోకి వచ్చినప్పుడు వాటిని తీసుకుని పిన్నీసులో, చిన్న గిన్నో ఇచ్చి వెళ్లేవాడు. అమ్మమ్మ దగ్గరే ఉండి చదువుకునేదాన్ని కాబట్టి ఆ గూడు చూసుకోవడం నా పని. మా పిన్ని పురిటికి వచ్చిన ఏడాది ఆ గూడు చాలలేదు.

పిన్నిది పెద్ద జడ. పెళ్లిచూపుల్లో వాళ్ల అత్తగారు, ఉయ్యూరావిడ, ఆ జడ విప్పించి, లాగి చూసి, జానలతో కొలిచి మరీ సంబంధం ఖాయం చేసుకుంది. పిన్ని ఏం చదివిందో అడగలేదు. "జుట్టు సొంతమేనండీ" అని పక్కవాళ్లకి చెప్పింది, గేదె పళ్లు చూసి బేరానికి ఒప్పుకున్నవాడిలాగా.

పాపకి మూడో నెల వచ్చేసరికి ఆ జుట్టు ఊడటం మొదలైంది. దిండు మీద, చీర కుచ్చిళ్లలో, చివరికి పాప గుప్పెట్లో కూడా వెంట్రుకలే. అత్తగారు చూడటానికి వచ్చి, పాపని ఎత్తుకోనైనా ఎత్తుకోకుండా, పిన్ని నుదుటి పైన పలచబడ్డచోట వేలు పెట్టింది. "పాలతోపాటు జుట్టంతా పిల్లే లాగేస్తోంది. డబ్బాపాలు పట్టండి. వచ్చే నెల తీసుకెళ్తాను, ఈలోపు కాస్త మనిషిలా కనపడాలి" అని వెళ్లిపోయింది.

లెక్కల్లో డిగ్రీ చదివిన పిన్ని ఆ మాట నమ్మింది. పాపకి రోజుకి ఒక్కసారే పాలిచ్చేది. డబ్బాపాలు పడక పాప చిక్కిపోయింది. రవికె తడిసిపోతున్నా పిన్ని అద్దం ముందు నుంచి లేచేది కాదు. ఊడిన జుట్టు అమ్మమ్మ కంటపడకుండా మురుగుకాలవలో పారేయమని నా చేతికిచ్చేది. నేను అలవాటుకొద్దీ గూట్లోనే పెట్టాను. అక్కడ అమ్మమ్మ చూసింది.

"నాకు ఐదు కాన్పులు. ఐదుసార్లూ ఊడింది, ఏడాది తిరిగేసరికి ఐదుసార్లూ వచ్చింది. పాలిచ్చినా ఊడుతుంది, మానేసినా ఊడుతుందే పిచ్చిదానా" అంది పిన్నితో.

"నీకేమమ్మా, నిన్నెవరు కొలిచారు?" అంది పిన్ని.

ఆ రోజు నుంచి గూడు అమ్మమ్మే చూసుకుంది. వెంట్రుకలవాడు వస్తే లేవు పొమ్మంది. మధ్యాహ్నాలు పెరటి అరుగు మీద కూర్చుని చిక్కు తీసి, పోగులు సర్ది, సవరం కట్టింది. ఎందుకని అడిగితే "సారెలోకి" అంది.

అత్తగారు కారులో వచ్చిన రోజు సావిట్లో సారె పళ్లేలు వరసగా పెట్టాం. లడ్లు, అరిసెలు, పసుపు కుంకుమలు, పాపకి గౌన్లు. చివరి పళ్లెం మీద గుడ్డ కప్పి అమ్మమ్మ నా చేతికిచ్చింది. మిఠాయే అనుకుని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను. బరువే లేదు. నేను ఎత్తిన ఊపుకి పళ్లెం గడ్డం దాకా లేచింది.

అత్తగారు గుడ్డ తీసింది. "ఇదేంటి వదినగారూ?"

"జడండీ. పెళ్లిచూపుల్లో మీరు కొలుచుకున్నదే. మళ్లీ కొలుచుకోండి."

"ఎగతాళా?"

"అయ్యో, కాదండీ. మీరు కోరుకుంది దీన్నేగా. పట్టుకెళ్లి మీ గోడకి తగిలించుకోండి. మా పిల్లా, దాని పిల్లా ఇక్కడుంటారు. బిడ్డకి పాలివ్వడానికి జడ అక్కర్లేదు."

అత్తగారి చెయ్యి తన కొప్పు మీదికి వెళ్లింది. ఆ కొప్పులో సగం సవరమేనని, పెళ్లినాడు విడిదింట్లో ఆవిడకి తలంటిన అమ్మమ్మకి తెలుసు. ఆ సంగతి మాత్రం అమ్మమ్మ అనలేదు. అంత కిందికి దిగాల్సిన అవసరం లేదనుకుందేమో.

అప్పుడు పిన్ని లేచి, పాపని ఎత్తుకుని, ఆవిడకి ఎదురుగా కూర్చుని పైట కప్పి పాలు పట్టింది. పాప గుటకల చప్పుడు సావిడంతా వినపడింది. అత్తగారు ఒక్కతే వెళ్లిపోయింది. నెల తిరక్కుండా బాబాయి వచ్చి తల్లినీ పిల్లనీ తీసుకెళ్లాడు. పాప మొదటి పుట్టినరోజు నాటికి పిన్ని నుదుటి మీద పొట్టి జుట్టు గరికలా నిక్కి నిలబడింది.

మొన్న పిన్ని పోయింది. ముప్పై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి. పెద్దకర్మ నాడు ఫోటో ముందు నిలబడి ఒకావిడ "ఎంత జడండీ మహాతల్లిది!" అంది. పక్కావిడ తలూపింది. ఆ మనిషిలో వాళ్లు చూడగలిగింది అంతే. లోపలి గదిలో పిన్ని మనవరాలు మూడు నెలల బిడ్డని పక్కన పడుకోబెట్టి, రాలిన జుట్టు మళ్లీ మొలిపిస్తామనే నూనెల ప్రకటనలు ఫోనులో చూస్తోంది. తీర్చలేని భయం పుట్టించి సీసాలు అమ్మేవాళ్లకి ఉయ్యూరావిడ చుట్టమే అవుతుంది. ఫోను తీసుకుని, బిడ్డని దాని ఒళ్లో పెట్టి, "ఊడనీ, వస్తుంది" అన్నాను.

ఆడమనిషిని ఎవరైనా జానలతో కొలిచినప్పుడల్లా ఆ పళ్లెం నా చేతుల్లోకి వస్తుంది. ఇంత తేలికైన దానికోసమా, ఉయ్యూరావిడ ఒక పసిదాని నోటిదగ్గర పాలు లాగేసింది!